కలివి కోడి కబురు ఎవరి చెవిన వేయాలి?

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఒక పిట్ట బొమ్మ పట్టుకుని కడప జిల్లా పల్లెల్లో తిరిగారు. ఆ పిట్టను చివరిసారి చూసినట్టు రాసిపెట్టింది 1900లో, అనంతపురం దగ్గర, హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే దొర. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. జాతి అంతరించిపోయిందనే పక్షి శాస్త్రజ్ఞుల్లో చాలామంది అనుకున్నారు. సిద్ధవటం పక్క రెడ్డిపల్లె చుట్టుపట్ల మాత్రం ఆ బొమ్మను గుర్తుపట్టినవాళ్ళు ఉన్నారు. 1986 జనవరిలో పిట్టలు పట్టే ఐతన్న రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. పట్టిన పిట్ట బతకలేదు గానీ, సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ద్వారా ఆ కబురు ప్రపంచానికంతా చేరింది. ఇంగ్లీషులో దాని పేరు జెర్డాన్స్ కోర్సర్. మన కలివి కోడి.

తర్వాతి సంగతులు త్వరగానే జరిగాయి. 1988లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. అదే ఏడాది 464 చదరపు కిలోమీటర్ల శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ముంబై, కేంబ్రిడ్జ్, రెడింగ్‌ల నుంచి పరిశోధకులు వచ్చిపోయారు. శాస్త్రానికి పేరొచ్చింది. ఆ పిట్టను ముందుగా ఎరిగిన ఊళ్ళకు ఏమొచ్చిందన్నది వేరే లెక్క. ఆ లెక్క తేల్చకుండా, విశ్వవిద్యాలయాలు వన్యప్రాణి శాస్త్రాన్ని జనంలోకి తీసుకుపోవాలా అనే ప్రశ్నకు మన సీమలో జవాబు దొరకదు.

పైకి చూస్తే ఇందులో ప్రశ్నే లేదనిపిస్తుంది. జనం డబ్బుతో నడిచే విద్యాలయం తాను కనుక్కున్నది జనానికి చెప్పకపోతే ఎట్లా? కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర, వాటికి తోడు తిరుపతి ఐసర్ ఉన్నాయి. ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఫిబ్రవరిలో క్యాంపస్‌ల్లో పక్షుల లెక్కింపు ఉంటుంది. బ్యానర్లు, ర్యాలీలు, క్విజ్‌లు, బడిపిల్లలకు బొమ్మల పోటీలు. ఇవన్నీ మంచివే. ఈ పనులు ఏ ఊళ్ళోనూ ఎవరికీ నొప్పి కలిగించవు. కష్టమంతా తర్వాతి మెట్టులో ఉంది: ఫలానా జీవి ఫలానా చోట ఉంది, అది బతకాలంటే ఫలానా పని ఆపాలి అని చెప్పాల్సి వచ్చినప్పుడు.

దీన్ని నేను తుమ్మలపల్లె వైపు నుంచి ఆలోచిస్తున్నాను. వేముల మండలంలోని ఈ ఊరి పేరు యురేనియం గని వల్ల దేశానికి తెలిసింది. కలివి కోడి దొరికిన లంకమల కడపకు అవతలి పక్క. ఇక్కడ కలివి కోడి లేదు. అయినా శాస్త్రం, జనం ఎదురుపడితే ఏం జరుగుతుందో ఈ చుట్టుపక్కల ఊళ్ళకు బాగా తెలుసు. 2012లో గని, మిల్లు ఉత్పత్తిలోకి వచ్చాక, వ్యర్థాల చెరువు పక్కనున్న కె.కె. కొట్టాల వంటి ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. కంపెనీ తమవల్ల కాదంది. నిపుణులు వచ్చారు, సీసాల్లో నీళ్ళు పట్టుకున్నారు, మట్టి తీసుకున్నారు. ఇట్లాంటి చోట పెరిగిన మనిషి, మెడలో బైనాక్యులర్ వేసుకుని వచ్చిన విద్యార్థిని చూసి మొదట అడిగేది పిట్ట గురించి కాదు. నువ్వెవరి తరఫున వచ్చావు, రాసుకున్నది ఎక్కడికి పోతుంది, మళ్ళీ వచ్చి మాకు చెబుతావా అని అడుగుతాడు. ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. వన్యప్రాణి శాస్త్రం వీటికి జవాబు చెప్పాకే మిగతా మాట మొదలుపెట్టాలి.

చెప్పాలనే వాళ్ళ వాదనలో బలమెంతో ముందు చూద్దాం. దానికి కలివి కోడి మీద జరిగిన పనే మంచి ఆధారం.

ఈ పిట్ట రాత్రిపూట తిరుగుతుంది, మనిషి అలికిడికి పొదల్లో కలిసిపోతుంది. కంటితో చూసి లెక్కపెట్టడం కుదరదు. అందుకని జగన్నాథన్, రైస్ గ్రీన్, కెన్ నోరిస్, రహ్మానీ వంటి పరిశోధకులు 2000 తర్వాత వేరే దారి పట్టారు. పొదల మధ్య సన్నటి మట్టి పరిచి పట్టీలు వేశారు. తెల్లారి వాటి మీద అడుగుజాడలు చూశారు. ఈ జాతికి వెనక వేలు ఉండదు కాబట్టి మూడు వేళ్ళ గుర్తు పడుతుంది. కెమెరాలు కట్టారు. కూతను రికార్డు చేసి, సందెవేళ వినిపించి, బదులు వస్తుందేమో చూశారు. ఇదంతా ఊరివాళ్ళ చేతులు, కళ్ళు తోడులేకుండా జరిగే పని కాదు. తేలిన సంగతి ఏమిటంటే, హెక్టారుకు సుమారు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు ఉండి, వాటి మధ్య ఖాళీ నేల ఉన్నచోటే ఈ పిట్ట జాడలు ఎక్కువ. మన లెక్కలో ఎకరాకు ఇంచుమించు 120 నుంచి 280 పొదలు. పొద మరీ మూసుకుపోతే దానికి నడిచే జాగా ఉండదు. మరీ బోడి అయితే దాగే చోటు ఉండదు.

ఈ ఒక్క సంగతి ఎంత పెద్దదో జీవాలు మేపే వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. పొదను ఆ మధ్యస్థంగా ఉంచేది ఎవరు? మేకలు, గొర్లు, వంటచెరుకు కొట్టుకునే మనుషులు. మితిమీరితే వాళ్ళ వల్లే అది పోతుంది. పూర్తిగా ఆపితే పొద కమ్ముకుని మరో రకంగా పోతుంది. అభయారణ్యం అంటే జీవాలను తరిమేయడం అని మాత్రమే విన్న కాపరికి, నీ మంద మేసే తీరులో ఈ పిట్ట బతుకు ఉంది అని చెప్పడం ఎంత వేరైన మాట! ఈ మాట ఇంగ్లీషు పత్రికల్లో ఉంది. అడవి అంచు పల్లెల్లో, తెలుగులో, జీవాలు కాసేవాళ్ళు కూర్చుని వినేచోట ఉండాల్సినంతగా లేదు. కొరత ఇదే.

రెండో ఆధారం తెలుగుగంగ కాలువ. 2005 ప్రాంతంలో అభయారణ్యంలోనూ దాని అంచున కలివి కోడి తిరిగే పొదల్లోనూ కాలువ పని కోసం యంత్రాలు దిగాయి. అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు చూసి, తమ దగ్గరున్న ఆధారాలతో అటవీ శాఖకు, బయటి ప్రపంచానికి చెప్పారు. పని ఆగింది, వ్యవహారం సుప్రీంకోర్టు వేసిన సాధికార కమిటీ దాకా పోయింది, కాలువ మార్గం మార్చాల్సి వచ్చింది. ఆ పరిశోధకులు ఫలితాలు అచ్చయ్యేదాకా నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఆ పొదలు ఈపాటికి ఉండేవి కావు.

మూడోది ఈ పిట్టకు సంబంధించింది కాదు గానీ, చెప్పడం వల్ల లాభం అన్నదానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. మన ఊళ్ళలో గొడ్డు చస్తే వాలే రాబందులు 1990ల తర్వాత కనబడకుండా పోయాయి. తెల్లవీపు రాబందులు దేశంలో 1992 నుంచి 2007 మధ్య నూటికి 99కి పైగా తగ్గిపోయాయి. కారణం పశువులకు నొప్పికి, జ్వరానికి వాడే డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. ఆ మందు పడిన గొడ్డు చస్తే దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడయి చస్తుంది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో వాటిని మూడు మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రోఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు ఆపారు. అయితే చట్టం అచ్చయినంత మాత్రాన పల్లెలో ఇంజెక్షన్ మారదు. పశువుల డాక్టరు, గోపాలమిత్ర, మందుల షాపు, పాడి రైతు ఈ నలుగురికీ మెలోక్సికామ్ వాడవచ్చన్న సంగతి చేరాలి. ఇక్కడ దాచిపెట్టాల్సిన చోటు లేదు, పోగొట్టుకునే భూమి లేదు. ఎంతమందికి చెబితే అంత లాభం. కలివి కోడి పొదలు లెక్కపెట్టిన రైస్ గ్రీన్ ఈ రాబందుల పరిశోధనలోనూ ముఖ్యుడు. ఒకే శాస్త్రవేత్త చేతిలో రెండు రకాల జ్ఞానం ఉంది, రెండింటినీ ఒకే తీరుగా పంచడం మాత్రం కుదరదు. ఎందుకో చెప్పడానికి రెండో వైపు వాదన వినాలి.

ఆ వాదనకు ఆధారం కోసం విదేశాలకు పోనక్కరలేదు, మన గుత్తి చాలు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడును చూసి కొత్త జాతిగా వర్ణించాడు. నీలి రంగులో మెరిసే పెద్ద సాలీడు అది. తర్వాత నూరేళ్ళు దాని జాడ లేదు. అసలు అది గుత్తిది కాదు, రైల్లో కలపతో వచ్చి ఉంటుంది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో పాత చెట్ల తొర్రల్లో మళ్ళీ కనబడింది. మొత్తం ప్రపంచంలో అది ఉండే అడవి వంద చదరపు కిలోమీటర్ల లోపే. కనబడిన సంగతి తెలిశాక కొద్ది ఏళ్ళలోనే అది విదేశాల్లో పెంపుడు సాలీళ్ళ బజారుకు చేరింది. గాజు పెట్టెలో నీలం సాలీడును పెట్టుకోవడానికి డబ్బు పెట్టేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఇప్పుడు అమ్ముడయ్యేవి ఎక్కువగా పెంపకంలో పుట్టినవే అంటారు. వంటచెరుకు కోసం పాత చెట్లు పోవడం దానికి ఇంకా పెద్ద ముప్పు అన్నదీ నిజమే. అయినా మొదటి తల్లి సాలీళ్ళు ఎక్కడివి? మన నల్లమల తొర్రల్లోవే.

చైనాలో ఒక గెక్కో బల్లిని 1999లో వర్ణించి చోటు అచ్చువేస్తే, బల్లుల వ్యాపారులు ఆ చోటికే పోయి ఖాళీ చేశారు. ఇట్లాంటివి చూసే 2017లో సైన్స్ పత్రికలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లిండెన్‌మేయర్, షీలే అరుదైన జీవుల చోట్లు ప్రచురించవద్దని రాశారు. ఇ-బర్డ్ వంటి పక్షుల నమోదు వేదిక కూడా అపాయంలో ఉన్న కొన్ని జాతుల కచ్చితమైన చోటును అందరికీ చూపించదు. ఇది పిసినారితనం కాదు. ఎలుగెత్తి చెప్పడం వల్ల చచ్చిన జీవిని మళ్ళీ తేలేం.

కలివి కోడి విషయంలో ఈ భయానికి మరో రూపం ఉంది. దాని కూత రికార్డు ఇప్పుడు ఏ ఫోనులోనైనా వినవచ్చు. శాస్త్రవేత్త దాన్ని లెక్క కోసం, కొద్దిసేపు, ఒక పద్ధతి ప్రకారం వినిపిస్తాడు. ఫోటో కోసం వచ్చినవాడు పిట్ట బయటికి వచ్చేదాకా వినిపిస్తూ ఉంటాడు. తన హద్దులోకి మరో కోడి వచ్చిందనుకుని అది మేత మాని, గుడ్డు వదిలి కూతకు కూత చెబుతూ తిరుగుతుంది. మిగిలింది యాభై నుంచి రెండు వందల యాభై లోపు అని అంచనా వేసిన జాతికి ఇది చిన్న నష్టం కాదు. 2000ల చివరి తర్వాత దాని గురించి నిర్ధారణ అయిన జాడ లేకపోయింది. పక్షి పరిశీలకులు కొందరు 2025 ఆగస్టులో కడప ప్రాంతంలో మళ్ళీ దాని కూతను రికార్డు చేశారన్న వార్త వచ్చినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో, అంత భయం కలిగింది. ఈసారి వచ్చేది బొమ్మ పట్టుకుని పల్లెల్లో అడిగే పరిశోధకుడు కాదు, కార్లలో రాత్రిపూట దిగే గుంపులు కావచ్చు.

చోటు బయటపడితే వేటగాడు, వ్యాపారి, ఫోటోల మోజున్నవాడు వస్తారన్నది ఒక భయం. రెండో భయం అంతకన్నా లోతైనది, దాని గురించి మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. పిట్ట ఉందని తెలిస్తే సొంత ఊరివాడే దాని పొదను తీసేస్తాడేమో అన్నది ఆ భయం. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలో ఒక వడ్రంగి పిట్ట జాతికి చట్ట రక్షణ వచ్చాక, ఆ పిట్టలు దగ్గర్లో ఉన్న భూముల యజమానులు ముందుగానే చెట్లు కొట్టేసుకున్నారని ల్యూక్, మైకేల్ అనే ఆర్థికవేత్తలు 2003లో చూపించారు. పిట్ట వస్తే భూమి చేతిలో ఉండదనుకున్న మనిషి పిట్ట రాకుండానే చూసుకుంటాడు. అట్లూరు, బద్వేలు వైపు అభయారణ్యం బయట ఉన్న పొదల నేలలు నిమ్మ తోటలుగా, పొలాలుగా మారుతున్నాయి. అక్కడికి పోయి నీ చేలగట్టు మీద ప్రపంచంలోకెల్లా అరుదైన పిట్ట ఉంది అని చెప్పే విద్యార్థి, తన మాట తర్వాత రైతు ఏం చేస్తాడో ఆలోచించాలి. రైతును తిట్టి లాభం లేదు. సోమశిల నీళ్ళ కింద ఊళ్ళు పోగొట్టుకున్న వాళ్ళున్న ప్రాంతం అది. తెలుగుగంగ నీళ్ళ కోసం, బ్రహ్మంగారి మఠం రిజర్వాయరు కాలువల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నేల అది. కాలువ మార్గం పిట్ట కోసం మారింది అన్న వార్తను ముంబైలో ఒక రకంగా, బద్వేలు మెట్టపొలంలో మరో రకంగా వింటారు. నేను పైన ఆ మార్పును మెచ్చుకున్నాను, ఇప్పుడూ మెచ్చుకుంటాను. కానీ దానివల్ల ఎదురుచూపు పెరిగిన రైతుకు, ఎందుకు మారింది, నీళ్ళు ఏ దారిన ఎప్పుడు వస్తాయి అని కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత శాస్త్రం మీదా ఉంది. కోర్టులో గెలిచిన మాట పొలంలో గెలిచినట్టు కాదు.

రోళ్ళపాడు అనుభవం ఈ సంగతినే ఇంకా వివరంగా చెబుతుంది, అందుకని దాని దగ్గర కాసేపు ఆగాలి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, 1988లో 614 హెక్టార్ల గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. రహ్మానీ, రంజిత్ మనకదన్ వంటి సొసైటీ పరిశోధకులు అక్కడ ఏళ్ళ తరబడి పనిచేశారు. పశువులు రాకుండా కందకం తవ్వారు, గడ్డి బాగా పెరిగింది. గడ్డి పెరిగితే కృష్ణజింకలు పెరిగాయి, కొద్దిపాటి నుంచి వందల్లోకి. అవి కందకం దాటి చుట్టుపక్కల పైర్ల మీద పడ్డాయి. విత్తు వేసిన రైతుకు రాత్రి కాపలా మొదలైంది. అసలు బట్టమేక పిట్ట కందకం లోపలే ఉండే జీవి కాదు. చుట్టూ ఉన్న బీళ్ళలో, వానాధారపు చేలల్లో తిరుగుతుంది. చుట్టూ సేద్యం మారిపోయింది, నీళ్ళు వచ్చాయి, పంటలు మారాయి. బట్టమేక పిట్ట తగ్గుతూ తగ్గుతూ రోళ్ళపాడులో లేకుండా పోయింది. దేశం మొత్తం మీద నూట యాభై లోపు మిగిలాయి, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో. ఏ పిట్ట కోసం గడ్డినేల కట్టుబెట్టారో ఆ పిట్ట పోయింది, పైరు తినే జింకలు మిగిలాయి. దీన్ని అనుభవించిన ఊరు తర్వాత వచ్చే వన్యప్రాణి శాస్త్రాన్ని ఎట్లా నమ్ముతుంది?

దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ముందుగా ఊరికి అంతా చెప్పి ఉంటే ఇంకా ముందే ఎదురుతిరిగేవాళ్ళు, కొన్నాళ్ళైనా పిట్ట మిగలడానికి ఆ కందకమే కారణం అని ఒకరు అనవచ్చు. ఈ మాటలో నిజం ఉంది. ఊరికి చేరిన శాస్త్రం కందకం రూపంలో తప్ప మాట రూపంలో చేరకపోవడమే తప్పు, పిట్ట చేలల్లో కూడా బతుకుతుందని ముందే తెలిసిన జ్ఞానాన్ని రైతుతో ఒప్పందంగా మార్చి ఉంటే కథ వేరే ఉండేది అని మరొకరు అనవచ్చు. నేను ఈ రెండో వైపు మొగ్గుతాను. కందకం లోపలి 614 హెక్టార్లు ఆ పిట్టకు ఎన్నటికీ చాలవు. చుట్టూ ఉన్న వేల ఎకరాలు రైతులవి, ఆ రైతులు వినకపోతే పిట్టకు మిగిలేది ఏమీ లేదు. అంటే, చెప్పడంలో ప్రమాదం ఉన్నా చెప్పక తప్పని చోటు అది.

జనానికి చెప్పడం మీద మూడో అభ్యంతరం కూడా ఉంది. ఇది విశ్వవిద్యాలయాల లోపలి నుంచే వస్తుంది. విద్యార్థి ఒక రోజు బడికి పోయి చెప్పే మాటలో శాస్త్రం పలచబడుతుంది. హెక్టారుకు ఇన్ని పొదలు అన్న లెక్క కొద్ది చోట్ల, కొన్నేళ్ళు చూసి తేల్చినది. అదే రకం పొదలున్న చాలా చోట్ల పిట్ట దొరకలేదు కూడా. దీన్ని మేకలు మేపితే కలివి కోడి పెరుగుతుంది అని ఊళ్ళో చెబితే అబద్ధం అవుతుంది. రేపు కాపరిని ఫారెస్టువాళ్ళు ఆపితే, యూనివర్సిటీ సారు చెప్పాడు కదా అంటాడు. ఇద్దరి మధ్య తగవు పెట్టిన పాపం ఆ విద్యార్థిది. సగం తెలిసిన మాట చెప్పడం కన్నా ఊరుకోవడం మేలన్నది ఈ పక్షం. అధ్యాపకుల్లో నిజాయితీగా ఇట్లా అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళను సోమరులని కొట్టిపారేయడం తప్పు.

నా మటుకు నేను ఇందులో ఒక చిక్కు చూస్తాను. ఊరికి అనుమానాలు అర్థం కావని, తేలిన మాటలే అర్థమవుతాయని అనుకోవడం సరికాదు. వానాధారం మీద బుడ్డలు విత్తే రైతు జీవితమంతా తెలియనిదానితోనే లెక్క వేస్తాడు. ఈ మబ్బుకు విత్తితే మొలకెత్తవచ్చు, ఎత్తకపోవచ్చు అన్నది అతనికి రోజువారీ లెక్క. అతనికి, ఇంతవరకు చూసిన దాన్ని బట్టి ఇట్లా అనుకుంటున్నాం, ఇంకా తెలియాలి, నువ్వు చూసింది చెప్పు అంటే అర్థం కాకపోదు. పైగా అతనే సరిచేస్తాడు. 1985లో బొమ్మ చూసి సరిచేసింది ఎవరు? పుస్తకాలు అంతరించింది అన్న పిట్టను ఉందని చెప్పింది పల్లెలే. వినడానికి వచ్చిన శాస్త్రం ఆనాడు లాభపడింది. చెప్పడానికి మాత్రమే వచ్చిన శాస్త్రం అంత లాభపడేది కాదు.

దాచడం వైపు వాదనకు కూడా హద్దు ఉందని చూపే మరో సంగతి. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో ఎవరో సేకరించిన ఒక గుడ్డు చేతులు మారి, స్కాట్లాండ్ చేరి, అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియం పెట్టెల్లో ఎన్నో ఏళ్ళు పడి ఉంది. అది కలివి కోడి గుడ్డని 2013 ప్రాంతంలో గానీ తేలలేదు. ప్రపంచంలో ఆ పిట్టదని తెలిసిన గుడ్డు అదొక్కటే. కోలార్ అంటే మన పక్క నేల. పిట్ట అక్కడి దాకా ఉండేదన్న కబురు దాదాపు నూరేళ్ళు ఒక పెట్టెలో మగ్గింది. కావాలని దాచకపోయినా, పంచుకోని జ్ఞానం పోయిన జ్ఞానంతో సమానమే అవుతుంది. ఆ కబురు నలభై ఏళ్ళ కిందట తెలిసి ఉంటే వెతకాల్సిన చోట్ల జాబితాలో కోలార్, చిత్తూరు పొదలు ఉండేవి.

కాబట్టి చెప్పాలా వద్దా అన్న ప్రశ్నను ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించలేను. గూడు ఎక్కడ, కూత ఏ పొద దగ్గర, ఏ తొర్రలో సాలీడు అన్నది లోకానికి చెప్పకూడదు. ఈ విషయంలో మొహమాటం వద్దు. విద్యార్థి తన ప్రాజెక్టు ఫోటోలో ఫోను వేసే చోటు గుర్తును కూడా తీసేయాలి, వాట్సాప్ గ్రూపులో గొప్పకు పెట్టకూడదు. కానీ లోకానికి చెప్పనిది ఆ ఊరికి కూడా చెప్పకూడదని వాదిస్తే నేను ఒప్పుకోను. ఊరికి ఆ చోటు ఎట్లాగూ తెలుసు. తెలిసినవాణ్ణి పక్కనపెట్టి రహస్యం కాపాడతామనడం అవమానమూ, అవివేకమూ. రాత్రి కొత్త కారు వచ్చి పొదల దగ్గర ఆగితే మొదట చూసేది కాపరే. అతనికి సంగతి తెలిసి, దానిలో తనకు గౌరవం ఉందని తెలిసి ఉంటే, ఏ నిఘా కెమెరా కన్నా అతను నమ్మకమైన కాపలా. కానీ ఆ గౌరవం చేతల్లో కనబడాలి. మేత ఏయే నెలల్లో ఎంతవరకు ఉండవచ్చో అటవీ శాఖతో కూర్చుని రాసుకోవాలి. మట్టి పట్టీలు చూసే పనికి కూలి ఇవ్వాలి. పిట్ట వల్ల ఏదైనా పని ఆగితే దాని నష్టం ఎవరు భరిస్తారో ముందే చెప్పాలి. ఈ నష్టం మాట చెప్పకుండా పిట్ట అందం మాత్రం చెప్పి వచ్చే ప్రచారం కన్నా, ఊరికి పోకపోవడమే మేలనే వాళ్ళ వైపు నేను కూడా నిలబడతాను.

అధికారులకు, కోర్టులకు చెప్పాల్సింది వెంటనే చెప్పాలి. కాలువ యంత్రాలు దిగాక థీసిస్ పూర్తయ్యేదాకా ఆగడానికి వీల్లేదు. రాబందుల మందు వంటి సంగతులు మాత్రం ఎవరికి పడితే వాళ్ళకు, సంతలో, పాల కేంద్రంలో, పశువైద్యశాల గోడ మీద చెప్పుకుంటూ పోవచ్చు. అదుపు అవసరం లేని జ్ఞానం అది.

ఇక భాష. కలివి కోడి పొదల్లో ఏళ్ళు గడిపిన జగన్నాథన్ ఇవాళ పక్షుల గురించి, ప్రకృతి గురించి తన మాతృభాష తమిళంలో సామాన్యులకు అర్థమయ్యేలా రాస్తున్నారు. మన పొదల మీద గడించిన అనుభవం పక్క భాషకు సంపద అయింది. అందుకు సంతోషించాలి, మన భాషలో ఆ పని చేసేవాళ్ళు ఎందుకు తక్కువో కూడా ఆలోచించాలి. సీమ వృక్షాల మీద మన విశ్వవిద్యాలయాల్లో గొప్ప పని జరిగింది. అనంతపురంలో పుల్లయ్య, తిరుపతిలో మాధవచెట్టి వంటివాళ్ళు కొండకొండా తిరిగి రాసిన వృక్ష గ్రంథాలు ఇంగ్లీషులో లోకానికి ఉపయోగపడుతున్నాయి. ఆ కొండల కింద ఊళ్ళకు అవి అందే రూపంలో రాలేదు. ఇది ఆ పెద్దల లోపం కాదు. తెలుగులో రాస్తే ప్రమోషన్‌కు లెక్కకు రాని పద్ధతిది.

యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ అనంతపురంలోనూ చదివే పిల్లల్లో చాలామంది జీవాలు మేపిన ఇళ్ళ నుంచి, బోరు ఎండిన పొలాల నుంచి వచ్చినవాళ్ళే. నువ్వెవరి తరఫున వచ్చావు అన్న తుమ్మలపల్లె ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది వాళ్ళు. సీమలో ఏ ఊళ్ళో వన్యప్రాణుల మీద, నీళ్ళ మీద, మట్టి మీద పని చేసినా, ఆ ఫలితాన్ని రెండు పేజీల తెలుగులో రాసి, ఇంకా తెలియనిది ఏమిటో కూడా అందులో చెప్పి, డిగ్రీకి సమర్పించేముందు ఆ ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. అభ్యంతరాలు ఉంటే రాసుకుని థీసిస్‌లో చేర్చాలి. అరుదైన జీవుల చోటు ఆ పేజీల్లో ఉండకూడదు. ఇది పరిశోధకుడి ఇష్టానికి వదిలితే జరగదు. గైడు సంతకం లేకుండా థీసిస్ ఎట్లా తీసుకోరో, ఊళ్ళో చదివిన తేదీ, అక్కడ వచ్చిన ప్రశ్నలు లేకుండా కూడా తీసుకోమని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలి.